నారింజ కారు వైపు చూడని ఎనిమిది మంది

2023 మే నెల. పలాసలో హైవే పక్కనున్న ఒక కార్ల షోరూమ్‌లో నేను అప్పటికి చాలా ఏళ్ళుగా సేల్స్‌లో పనిచేస్తున్నాను. ఎండలు ముదిరాక మాకు గిరాకీ తగ్గుతుంది. పెళ్ళిళ్ళ కోసం కొనేవాళ్ళు అప్పటికే కొనేసి ఉంటారు. ఉద్యోగస్తులు దసరా కోసం ఆగుతారు. మధ్యాహ్నం పూట ఏసీ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ వేళల్లో నేను బల్ల కింద పుస్తకం పెట్టుకుని చదువుకునేవాణ్ణి. మేనేజరుకి తెలుసు. నా భార్య పోయి ఏడాది కూడా కాలేదని ఊరుకునేవాడు.

కారు కొనేటప్పుడు మంచి ధర ఎలా రాబట్టాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. నేను చెప్పగలిగిన జవాబంతా ఆ నెలలో జరిగిన ఒక బేరంలో ఉంది. అది చెప్పే ముందు ధర గురించి నాలుగు మాటలు చెప్పాలి.

కంపెనీ నిర్ణయించే ధరని ఎక్స్-షోరూమ్ ప్రైస్ అంటాం. దాని మీద లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, హేండ్లింగ్ చార్జీలు, యాక్సెసరీలు కలిపితే ఆన్-రోడ్ ప్రైస్ అవుతుంది. అంటే బండి రోడ్డెక్కడానికి చివరికి మీ చేతి నుంచి పోయే మొత్తం. టాక్సు ఎవరూ తగ్గించలేరు. మిగిలినవాటిలో కొంత కదులుతుంది. ఇవి కాక, కొనేవాళ్ళకి కనబడనిది ఇంకొకటి ఉంది. షోరూమ్‌లో నిలబడిన ప్రతి బండీ డీలరు బ్యాంకు అప్పుతో తెచ్చిందే. అది అమ్ముడయ్యేదాకా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకని ఎక్కువ నాళ్ళు నిలిచిన బండి మీద ఎక్కువ తగ్గించడానికి డీలరు సిద్ధంగా ఉంటాడు. దాన్ని స్టాక్ డిస్కౌంట్ అంటాం. ఆ సంగతి మేముగా చెప్పం.

మా దగ్గర అలా నిలిచిపోయిన బండి ఒకటుండేది. చిన్న కారు, నారింజ రంగు. కిందటి దసరాకి తెప్పించిన లోడులో వచ్చింది. మా వైపు కారంటే తెలుపు. మరీ మనసైతే బూడిద రంగు. ఒక కాంట్రాక్టరు భార్య దాన్ని చూసి ముచ్చటపడితే, ఆయన "ఆటోలాగుంది, పద" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. మా కుర్రాళ్ళు దానికి కమలాపండు అని పేరు పెట్టారు. అద్దం పక్కన పెడితే రోడ్డు మీద వెళ్ళేవాళ్ళెవరైనా చూస్తారని అక్కడ నిలబెట్టాం. చూసేవాళ్ళు చూశారు. లోపలికి ఎవరూ రాలేదు.

నెలాఖరులో ఒకరోజు మధ్యాహ్నం షోరూమ్ ముందు సామాన్ల ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ఎనిమిది మంది దిగారు. ఆరుగురు మగవాళ్ళు, ఒక యువతి, ఒక పెద్దాయన. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు ఊరివాళ్ళు. ఆరుగురూ ఒకే పడవ మీద వేటకి వెళ్ళేవాళ్ళు. పెద్దాయన పేరు గురయ్య. ఒంట్లో బాగున్నన్నాళ్ళూ ఆ పడవకి తండేలు, అంటే పడవని నడిపించే పెద్ద. యువతి ఆయన కోడలు పార్వతి. ఆమె భర్త కూడా ఆ ఆరుగురిలో ఒకడు. పెద్దాయన ఎడమ చేతి మీద దూది పెట్టి అంటించిన పట్టీలు చూడగానే నాకు అర్థమైంది. డయాలసిస్ చేయించుకుని తిన్నగా ఇటే వచ్చారు. ఆ పట్టీలు నాకు బాగా తెలుసు. నా భార్యదీ అదే జబ్బు.

పెద్దాయనని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆరుగురిలో మాటకారి చిన్నారావు ముందుకొచ్చాడు.

"సారూ, తెల్లబండి సూపించండి. తెల్లదే. మరే రంగూ మాకక్కర్నేదు."

నేను వేరే రంగు మాట ఎత్తనే లేదు. నారింజ కారు మోడల్లోనే ఉన్న తెల్లబండి తలుపు తీసి చూపించాను. అందరూ దాని చుట్టూ చేరారు. బానెట్ తీయించారు, డిక్కీ తీయించారు. కానీ ఏదో తేడాగా ఉంది. తెల్లబండికి అటువైపు వెళ్ళవలసి వస్తే అద్దం పక్కగా దగ్గర దారి ఉన్నా, చుట్టూ తిరిగి వెళ్తున్నారు. ఒకడు సోఫాలో నారింజ కారుకి ఎదురుగా కూర్చోబోతే పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

"ఇటు తిరిగి కూకోరా."

"ఏటైపోద్ది?"

"తిరగమన్నానా!"

షోరూమ్‌లోకి వచ్చిన మనిషి ఎవరైనా ఆ బండిని ఒకసారి చూస్తాడు. అంతగా మండుతూ ఉంటే చూడకుండా ఉండలేడు. ఎనిమిది మంది కలిసి ఒక బండిని అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం నా సర్వీసులో అదే మొదటిసారి.

నాకు వెంటనే భావనపాడు ఒడ్డు గుర్తొచ్చింది. పడవలు వచ్చే వేళకి చేపలు కొనడానికి నా భార్య అక్కడికి వెళ్ళేది. ఒడ్డు మీద చేపలు కుప్పలు పోసి పాట పెడతారు. ఒకరి మీద ఒకరు ధర పెంచుకుంటూ పోయే వేలం. తనకి కావలసిన కుప్పకి ఆవిడ వీపు తిప్పి నిలబడేది. నేను తొంగి చూస్తే విసుక్కునేది. "మీ కళ్ళే మన కొంప ముంచుతాయి. అటు సముద్రం చూడండి" అనేది. ఒడ్డు మీద అందరూ అంతే. ఎవరికి ఏ కుప్ప కావాలో ఆ కుప్ప వైపు చూడరు. ఒక్కరు అలా చేస్తే ఎవరికీ తెలియదు. వీళ్ళు ఎనిమిది మందీ ఒకేసారి చేశారు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఏడాదిగా బేరం అంటే నాకు ఒక పని, అంతే. ఆ రోజు మాత్రం ఒంట్లోకి ఏదో హుషారు వచ్చింది. కొటేషన్ కాగితం తీసి పార్వతి ముందు పెట్టాను. లైసెన్సు ఉన్నది ఆ అమ్మాయికే. టెక్కలిలో డ్రైవింగ్ నేర్చుకుంది. బేరానికి కూడా ఆమెనే ముందుకు పెట్టారు.

"హేండ్లింగ్ చార్జీలంటే ఏటి సారూ?"

"యార్డు నుంచి బండిని ఇక్కడికి తెచ్చి, కడిగి, సిద్ధం చేసినందుకమ్మా."

"అమ్మీది ఇక్కడైతే ఇక్కడికి తేక మరెక్కడికి తెత్తారు?"

చిన్నారావు అందుకున్నాడు. "సముద్రంలోంచి ఒడ్డుకి సేపలు తెచ్చినందుకు మనమెప్పుడూ అడగనేదర్రా. ఇన్నాళ్ళూ ఎర్రోళ్ళమైపోనాం."

హేండ్లింగ్ చార్జీలు కొట్టేశాను. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి పార్వతి ఫోన్ తీసి టెక్కలి ఏజెంటు ఇచ్చిన లెక్క చూపించింది. అదే కంపెనీ, అదే పాలసీ, మాకన్నా తక్కువ. ఇన్సూరెన్స్ మా దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏమీ లేదు. తీసుకుంటే మాకు కమిషన్ వస్తుంది, అంతే. ఆ లెక్కకే మేమూ ఇస్తామన్నాను. యాక్సెసరీలలో కాళ్ళ కింద మ్యాట్లు తప్ప అన్నీ తీయించింది.

"సీటు కవర్లు వేయించుకోండమ్మా, బాగుంటాయి."

"మా మావకి సీటు ఎనక్కి వాలితే సాలు సారూ. కవరు మీద పడుకోడు కదా."

అప్పటికి నాకు వాళ్ళ పన్నాగం తెలిసిపోయింది. తెల్లబండి మీద ఇవన్నీ కొట్టేయించుకుని, ఆఖర్న ఏమీ పట్టనట్టు అటు తిరిగి, "పోనీ ఆ బండికెంత?" అంటారు. ఒక బండికి తీసేసినవి ఇంకో బండికి వేస్తామని మేము అనలేం కదా. మంచి పన్నాగం. నేనూ తెలియనట్టే ఉన్నాను.

ఇంత చేసినా ధరకీ వాళ్ళ దగ్గరున్న డబ్బుకీ నలభై వేలు తేడా వచ్చింది. పడవ మీద ఎలా వాటాలు వేసుకుంటారో అలాగే వాటాలు వేసుకుని తెచ్చిన డబ్బు అది. అంతకు మించి లేదు. లోన్ మాటెత్తితే కుర్చీలోంచి పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "సముద్రాన్ని నమ్ముకుని అప్పు సెయ్యను" అన్నాడు.

"పై నెల వరకూ ఆగితే ఏమైనా ఆఫర్ రావచ్చమ్మా" అన్నాను.

పార్వతి గొంతు తగ్గించింది. "ఆగనేం సారూ. జూన్‌లో సేపల ఏట తెరుస్తారు. ఇప్పుడు ఏట నిషేధం కాబట్టి ఈళ్ళంతా మావతో వొత్తన్నారు. తెరిత్తే తెల్లారకుండా అందరూ సముద్రం మీదే. వారానికి మూడుసార్లు నేనొక్కదాన్నే తేవాలి. మునపటిలా తనంతట తను నడవనేడు. మొన్నొకసారి ఈళ్ళకి కుదరక ఒక్కదాన్నే తెచ్చినాను. తిరిగొచ్చినప్పుడు ఆటోలోంచి జారిపోబోయాడు. నా బలం సాల్లేదు. ఆ తరవాత ఆస్పత్రికి రానని మంచం దిగనేదు. రెండుసార్లు ఎగ్గొట్టీసినాడు. ఈళ్ళందరూ ఎత్తుకొత్తే ఇయాళ వొచ్చినాడు."

డయాలసిస్ ఎగ్గొడితే ఏమవుతుందో నాకు తెలుసు. టెక్కలి నుంచి పలాసకి నేను నా భార్యని మోటారు సైకిల్ మీద తీసుకొచ్చేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో ఆవిడ నుదురు నా వీపుకి ఆనించి కూర్చునేది. బరువు తెలిసేది. కార్లు అమ్మేవాడికి కారు ఉండాలని లేదు.

నేను లేచి మేనేజరు క్యాబిన్‌లోకి వెళ్ళాను. విశాఖపట్నం కుర్రాడు. నాకన్నా చిన్నవాడు, చురుకైనవాడు. తెల్లబండి మీద ఇంకేమీ తగ్గదన్నాడు. నిజమే. ఈ బండి వీళ్ళు కాకపోతే రేపు ఇంకొకరు కొంటారు. ఇక కమలాపండు మాట ఎలా తీయాలా అని ఆలోచిస్తున్నాను. అంతలో ఆయన నా భుజం మీంచి, క్యాబిన్ అద్దంలోంచి హాల్లోకి చూసి, "ఆ పెద్దాయన ఏం చేస్తున్నాడు?" అన్నాడు.

గురయ్య కుర్చీలోంచి లేచాడు. గోడ పట్టుకుని, బల్ల పట్టుకుని, మెల్లగా నడుచుకుంటూ తిన్నగా నారింజ కారు దగ్గరికి వెళ్ళాడు. దాని బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

చిన్నారావు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయిపోనాది! పాట సెడిపోనాది! ఓ మావా, నీకేటి సెప్పినాం, నువ్వేటి సేత్తన్నావు?"

మేనేజరుకి నేనేమీ చెప్పనక్కర్లేదు. చొక్కా సర్దుకుని చిరునవ్వుతో బయటికి వచ్చాడు. "పెద్దాయనకి ఇది నచ్చిందా? మంచి సెలక్షన్. ఈ రంగు ఒక్కటే ఉంది. డిమాండ్ ఉన్న కలర్."

పార్వతి లేచి కొంగు బిగించింది. "మాకు తెల్లదే కావాలి. పదండర్రా, సీకాకుళం ఎల్దుం."

ఆరుగురూ ఒక్కసారిగా లేచారు. వల లాగేటప్పుడు ఒకేసారి ఊపందుకున్నట్టు తలుపు వైపు నడిచారు. గార్డు తలుపు తీశాడు. వేడిగాలి లోపలికి కొట్టింది. కొనేవాళ్ళు లేచి వెళ్ళిపోవడం బేరంలో ఆఖరి అస్త్రం. అది బాగా పనిచేస్తుంది. కాకపోతే వెళ్ళేవాళ్ళందరూ వెళ్ళాలి. పెద్దాయన కదల్లేదు.

"మావా, రా!" అంది పార్వతి తలుపు దగ్గర నుంచి.

"నాన్రాను."

"రావాల మావా. బేరమది."

"మీ బేరాలు మీరెల్లి సేసుకోండి. నానిక్కడుంతాను."

ఆయనని వదిలి వెళ్ళలేరు. లోపలికి వస్తే ఓడిపోయినట్టు. ఏడుగురూ తలుపులో ఇరుక్కుని నిలబడ్డారు. ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని గార్డు మొహం మాడ్చుకున్నాడు. మేనేజరు గెలిచినవాడిలా చేతులు కట్టుకున్నాడు.

అప్పుడు గురయ్య మేనేజరు వైపు తిరిగాడు. డయాలసిస్ అయిన మనిషి గొంతు పీలగా ఉంటుంది. అయినా ఆ హాల్లో ప్రతి మాటా వినబడింది.

"బాబూ, ఈ రోడ్డు మీదే నన్ను ఆస్పత్రికి తెస్తారు. దసరా కాడి నుంచి సూత్తన్నాను. నానెల్లినప్పుడూ ఇది ఇక్కడే ఉంది. నానొచ్చినప్పుడూ ఇది ఇక్కడే ఉంది. అవునా?"

"ఆ... ఉంది."

"ఎవుడూ కొన్నేదు. నాకు కావాల. సిగ్గేటుంది, కావాల. నాకు తప్ప ఎవుడికీ అక్కర్నేదు." బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. "ఎవుడూ అడగని టేకు సేప పడినప్పుడు ఒడ్డు మీద కొనీవోడు ఒక్కడే ఉంటే పాట ఎవుడు సెప్తాడు? ఆడే కదా."

మేనేజరు తడుముకున్నాడు. "కారు చేప కాదు కదండీ, కుళ్ళిపోవడానికి."

"కుళ్ళకపోతే మరీ సెడ్డ బాబూ. సేపైతే పారీసి ఇంటికెల్లిపోవచ్చు. ఇది రోజూ కళ్ళ ముందు ఉంటాది."

మేనేజరు ఆయనని చూసి పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఆ బండి మీద నడుస్తున్న వడ్డీ ఎంతో ప్రతి నెలా పై ఆఫీసుకి రాసేది ఆయనే. నన్ను చూశాడు. "నెలాఖరు టార్గెట్‌కి ఒకటి తక్కువుంది సార్" అన్నాను. అది నిజం. ఆయనకీ తెలుసు. ఫోన్ తీసి విశాఖపట్నంలో ఉన్న మా జనరల్ మేనేజరుతో పక్కకి వెళ్ళి మాట్లాడాడు.

ఈలోగా ఏడుగురూ లోపలికి వచ్చి పెద్దాయన పక్కన నిలబడ్డారు. ఇక దాచేదేముంది? అందరూ నారింజ కారుని తడుముతున్నారు. ఒకడు అద్దంలో జుట్టు దువ్వుకున్నాడు.

మేనేజరు తిరిగొచ్చాడు. "తెల్లబండికి తీసేసినవన్నీ దీనికీ తీసేస్తాం. ఆ పైన ఇంకో ముప్ఫై వేలు తగ్గిస్తాం."

వాళ్ళ ఊరి ఒడ్డు మీద పాట పాడేది చిన్నారావేనట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, షోరూమ్ అద్దాలు అదిరేలా గొంతెత్తాడు.

"నలబై వేలు! ఒకటోసారి!"

సర్వీసు సెక్షన్ నుంచి మెకానిక్కులు పరిగెత్తుకొచ్చారు.

"ఆగవయ్యా, ముప్ఫై అయిదు" అన్నాడు మేనేజరు.

"నలబై వేలు! రెండోసారి!"

"ఇలా అరిస్తే ఎలా?"

"మీకు నెమ్మదిగా సెప్తే తెలవదు బావా. మీది పెద్ద షోరూము కదా." చిన్నారావు చెయ్యి పైకెత్తి ఆగాడు. పార్వతి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన చెయ్యి ఇంకా బానెట్ మీదే ఉంది. మేనేజరు మళ్ళీ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. బండి అమ్మేవైపు ఉన్నవాణ్ణి, కొనేవాళ్ళ కోసం అంత ఉత్కంఠ పడటం ఉద్యోగ ధర్మం కాదేమో. పడ్డాను.

మేనేజరు పక్కనున్న బల్ల మీద చరిచాడు. "మూడోసారి! తీసుకుపోండయ్యా!"

మెకానిక్కులు చప్పట్లు కొట్టారు. చిన్నారావు మేనేజరుని కావిలించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది.

బండి పార్వతి పేరు మీద రాశాం. వేట తెరవడానికి ముందే డెలివరీ ఇచ్చాం. ఆ రోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పెద్దాయనని ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు ఎంత వాలుతుందో అంతా వాల్చి చూపించాను. ఆయన కళ్ళు మూసుకుని "సాలు" అన్నాడు.

తాళాలిస్తూ నేనూ వరస కలిపి చిన్నారావుని అడిగాను. "అందరూ వద్దన్న రంగు మీకెందుకంత నచ్చింది బావా?"

"నచ్చడమేటి బావా, అక్కర." వాడు ఎగతాళి మానేసి మామూలుగా చెప్పాడు. "ఆస్పత్రి నుంచి వొచ్చీసరికి మేం సముద్రం మీద ఉంతాం. నీళ్ళ మీద ఫోన్లు సరిగ్గా పలకవు. మావ ఇంటికి సేరినాడో నేదో మాకెలా తెలుసుద్ది? పార్వతి బండి తెచ్చి ఒడ్డు గట్టు మీద పెడతాది. తెల్లది పెడితే ఇసకలో కలిసిపోద్ది. ఇదైతే నీళ్ళ మీంచి కనబడుద్ది. మీ షోరూము అద్దంలోంచి దీన్ని సూసి మావే సెప్పినాడు."

జూన్ చివర్లో ఒక సెలవు రోజున నేను మోటారు సైకిల్ మీద ఆ ఊరు వెళ్ళాను. పని ఏమీ లేదు. జీడితోటలు దాటి, కొబ్బరి చెట్ల మధ్య నుంచి ఒడ్డుకి వచ్చేసరికి దూరం నుంచే కనబడింది. గట్టు మీద ఒకే ఒక్క రంగు. దగ్గరికి వెళ్ళాను. ముందు తలుపు తీసి ఉంది. వాలిన సీట్లో గురయ్య నిద్రపోతున్నాడు. చేతికి కొత్త పట్టీలు. పార్వతి తాటాకు పాక నీడలో కూర్చుని వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని సైగ చేశాను.

మంచి ధర ఎలా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే తెలిసినవన్నీ చెబుతాను. ఆన్-రోడ్ ప్రైస్‌లో ప్రతి పద్దూ దేనికో అడగండి. ఇన్సూరెన్స్ బయట కనుక్కోండి. నెలాఖరున రండి. ఎక్కువ నాళ్ళుగా నిలిచిన బండి ఏదో అడగండి. ఇష్టాన్ని దాచుకోమని కూడా చెప్పేవాణ్ణి ఒకప్పుడు. అది మానేశాను. ఆ బండి తనకి ఎందుకో తెలిసినవాడు, పక్కవాళ్ళు కొనే బండి కాక తనకి పనికొచ్చే బండి ఎంచుకున్నవాడు, దాని మీద చెయ్యి వేసి కూడా బేరమాడగలడు.

ఆ రోజు కాసేపు అక్కడే నిలబడ్డాను. చాలా దూరంలో ఒక పడవ కనబడింది. అది ఎవరిదో నాకు తెలియదు. వాళ్ళకి మాత్రం ఈ బండి ఎవరిదో తెలుసు.